నేను చదివి దాచిన జబ్బు పేరు

నేను బి.ఏ. పాసయ్యాను. అమ్మ వైపు చూసినా, నాయన వైపు చూసినా మా వాళ్లలో డిగ్రీ అన్నది నాదే మొదటిది. పేపర్లో నా నెంబరు కనబడిన రోజు నంద్యాల బస్టాండులో సోడా బండి అతనికి చెప్పాను, ఆళ్లగడ్డ బస్సు కండక్టరుకు చెప్పాను, పక్క సీట్లో కూర్చున్న చాగలమర్రి అవ్వకు చెప్పాను. ఆమె చెయ్యి చెవికి ఆనించుకుని, "ఏందది, పెండ్లా?" అంది. కాదవ్వా, పెద్ద చదువు అన్నాను. "అట్లయితే మంచిదేలే" అని సంచిలోంచి రెండు జామకాయలు తీసిచ్చింది.

ఆ వారంలోనే ఇంకో కబురు కూడా వచ్చింది. అమ్మ ఇక మందులు ఆపేయొచ్చని డాక్టరు చెప్పాడు. రెండింటిలో పెద్ద కబురు ఇదే. ఇది మొదటినుంచీ చెప్పాలంటే నేను చేసిన తప్పు చెప్పాలి. ఇంత సంతోషంగా ఉన్నప్పుడే రాసేయాలి. తర్వాత ధైర్యం చాలదేమో.

డెబ్బై తొమ్మిది చలికాలంలో మొదలైంది. నంద్యాలలో హాస్టల్లో ఉండి రెండో ఏడాది చదువుతున్నాను. సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, తెల్లవారేసరికి చెమటతో దిండు తడిసిపోయేది. దగ్గు తగ్గేది కాదు. మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి, ఎవరైనా చూస్తే చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగేదాన్ని. క్రిస్మస్‌కు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ నా మెడ ఎముకల మీద చెయ్యి వేసి, "హాస్టల్లో కూడు పెట్టరామ్మే?" అని కోప్పడింది. పండుగ కాగానే నాయన నన్ను నంద్యాల ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఎక్స్‌రే తీశారు. నాలుగు రోజులాగి రమ్మన్నారు.

ఆ రెండోసారి వెళ్లిన రోజు నాకు గంట గంటా గుర్తుంది. వరండాలో పొడుగు బల్ల. అంతా దగ్గులే. ఒకరు ఆపితే ఇంకొకరు అందుకునేవాళ్లు. పాణ్యం నుంచి వచ్చిన ఒక ముస్లిం పెద్దామె నన్ను చూసి పక్కకు జరిగి, "తల ఈడ పెట్టుకో బిడ్డా, నీ నెంబరు పిలిస్తే నేను లేపుతా" అని తన ఒడి చూపించింది. ఆమె పేరు కూడా నేను అడగలేదు. ఆ ఒడిలో అరగంట కళ్లు మూసుకున్నాను.

కాంపౌండరు వచ్చి ఎక్స్‌రే కవరు, దానికి గుచ్చిన చీటీ చేతికిచ్చి, డాక్టరు పిలిచేదాకా కూర్చోమన్నాడు. నాయన వెంటనే నా వైపు తిరిగాడు.

"ఏమని రాసినారు పాపా? చదువు."

మా ఇంట్లో అదే అలవాటు. మా నాయన దానయ్య కూలిపని చేస్తాడు, ఆదివారం మా వీధి చర్చిలో గంట కొడతాడు. ఆయనకు వేలిముద్ర తప్ప రాదు. నేను ఆరో తరగతికి వచ్చినప్పటినుంచి ఇంట్లోకి, వీధిలోకి వచ్చిన ప్రతి కాగితం నేనే చదివేదాన్ని. విత్తనాల సంచి మీద రాత, మిలిటరీలో ఉన్న వాళ్ల ఉత్తరాలు, తాలూకాఫీసు నోటీసులు. "దానయ్య కూతురు చదివిందంటే అంతే" అని మా వీధిలో అనేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది.

చీటీలో నా పేరు కింద రెండు ఇంగ్లీషు మాటలు ఉన్నాయి. రెండోది చాలా పొడుగు.

పొడుగు మాటలంటే నాకు భయం లేదు. ఆళ్లగడ్డ హైస్కూల్లో సామ్యేలు సారు ఆ భయం పోగొట్టాడు. "చెరుకు గడను ఎవురన్నా అట్లనే మింగుతారా? కణుపు కాడ ఇరుచుకోవాల" అనేవాడు. మాట మీద బొటనవేలు పెట్టి మూసేయాలి. ఒక్క ముక్క కనపడేంతే వేలు జరపాలి. ఆ ముక్కలో ఒక అచ్చు పలకాలి. అచ్చు పలకని ముక్క ముక్కే కాదు. అది నోటి కోత. నోరు తిరిగాక అర్థం కోత. అప్పుడు తోక కోయాలి, తల కోయాలి, మిగిలిన మొండెం ఏమిటో చూడాలి. 'అన్‌ఫార్చునేట్లీ' అన్న మాటను సారు బోర్డు మీద రాసి నోటికోసం అన్, ఫార్, చు, నెట్, లీ అని అయిదు గీతలు కొట్టించాడు. తర్వాత ఆ గీతలన్నీ చెరిపి, 'అన్' ఒక ముక్క, 'ఫార్చునేట్' ఒక ముక్క, 'లీ' ఒక ముక్క అని అర్థానికి మళ్లీ కోయించాడు. ఆ రోజునుంచి నాకు చదువంటే పిచ్చి పట్టింది.

వరండాలో అదే చేశాను. మొదటి మాట: పల్, మొ, న, రీ. అర్థం తెలియలేదు. రెండోదాని మీద వేలు పెట్టాను. ట్యూ. కొంచెం జరిపాను. బర్. ట్యూబర్ అంటే దుంప అని సైన్సులో చదివాను. నా ఎక్స్‌రేలో దుంపేమిటి అనుకుంటూ ఇంకా జరిపాను. క్యు. లో. సిస్. 'ఓసిస్' అన్న తోక చాలా జబ్బుల పేర్లకు ఉంటుందని సారు చెప్పాడు. తోక కోసేసి మళ్లీ మొదటికి వచ్చాను. మొదటి ముక్కకు టీ. రెండో ముక్కకు బీ.

టీబీ అన్నది మా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. దాని వెనక ఇంత పొడుగు పేరు ఉందని మాత్రం ఎవరికీ తెలియదు. ఆ నిమిషం దాకా నాకూ తెలియదు. వేలు చీటీ మీదే ఉండిపోయింది. మా చిన్నాయన యోబు గుర్తొచ్చాడు. నేను రెండో తరగతిలో ఉండగా ఆయనకు ఈ జబ్బే వచ్చింది. ఊరి బయట చెరుకుతోట గట్టున గుడిసె వేసి ఆయనను అందులో ఉంచారు. రోజూ ఎవరో ఒకరు గిన్నె తీసుకెళ్లి దూరంగా బండ మీద పెట్టి, కేకేసి వచ్చేసేవాళ్లు. ఒకరోజు కేకకు జవాబు రాలేదు. ఆ గుడిసె వేసింది మా నాయనే.

"ఏందమ్మా అంత సేపు? పెద్ద మాటనా?"

"నిమ్ము నాయనా" అన్నాను. "ఊపిరితిత్తులకు నిమ్ము చేరిందంట."

"నిమ్మేనా!" నాయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "దేవునికి స్తోత్రం. నేనింకేందో అనుకుంటి."

కాసేపటికి ఆడవాళ్ల గదిలోకి నన్నొక్కదాన్నే పిలిచారు. డాక్టరు మంచివాడు. తొందర లేకుండా అన్నీ చెప్పాడు. ఏడాదిన్నర మందు వాడాలి, జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకూడదు. దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. గాలి, వెలుతురు బాగా వచ్చేచోట పడుకోవాలి, పక్కన ఎవరూ పడుకోకూడదు. ఇంట్లో అందరినీ ఒకసారి పరీక్షకు తీసుకురావాలి. "మీ నాయనకు నేను చెప్పాల్నా, నువ్వు చెప్తావా?" అని కూడా అడిగాడు. నేను చెప్తాను సార్ అన్నాను. బయటకు వచ్చి నాయనకు చెప్పింది ఒకటే: రోజూ సూది, బిళ్లలు, చాలా నెలలు.

ఇక్కడ మా ఇల్లు ఎట్లాంటిదో చెప్పాలి. నాపరాళ్ల గోడలు, మట్టి మిద్దె, ఒకటే గది. ఒక చిన్న కిటికీ. మిద్దెకు ఒక గవాచి, అంటే పొగ పోవడానికి, వెలుతురు రావడానికి పైన వదిలిన కంత. నిమ్ము అంటే మా వాళ్లకు తెలిసిన వైద్యం ఒక్కటే: గాలి తగలనియ్యకూడదు. నేను ఇంటికి చేరిన సాయంత్రమే అమ్మ కిటికీకి గోనెపట్ట కుక్కింది. నాయనను మిద్దె ఎక్కించి గవాచికి బండ మూయించింది. తలుపు కింది సందుకు పాత చీర చుట్టి పెట్టింది. కుంపటి రాజేసి నా రొమ్ముకు కాపడం పెట్టి, శొంఠి కషాయం తాగించి, నన్ను తన వైపు తిప్పుకుని ఒకే దుప్పటి కింద పడుకుంది.

"అమ్మా, కిటికీ తీ. గాలాడలేదు."

"గాలి తగిల్తే నిమ్ము ఎక్కువైతాది. నోరు మూసుకుని పండుకో."

ఏమని చెప్పను? కిటికీ తీయాలంటే ఆ పేరు చెప్పాలి. నెలన్నర రోజులు అట్లాగే గడిచాయి. నేను గుడ్డలో దగ్గేదాన్ని. వీపు తిప్పితే అమ్మ మళ్లీ తన వైపు తిప్పుకునేది. ప్రతి ఉదయం ఈరోజు చెప్పేస్తాను అనుకునేదాన్ని. ఆళ్లగడ్డకు నడిచి వెళ్లి సూది వేయించుకుని వచ్చేసరికి ఆ ధైర్యం ఉండేది కాదు. ఆ సూది పడితే చెవుల్లో హోరు పుట్టేది, పెదవుల చుట్టూ తిమ్మిరెక్కేది.

ఒక మధ్యాహ్నం ఏమీ తోచక మందు సీసా మీది పేరుకు నోటి కోత పెడుతున్నాను. స్ట్రెప్, టో, మై, సిన్. అమ్మ బియ్యం చెరుగుతూ వింది. "ఇంగోసారి అను" అంది. నాలుగుసార్లు అనిపించుకుని తనూ పట్టేసింది. మర్నాడు ఆళ్లగడ్డలో కాంపౌండరు సూదిలోకి మందు తీస్తుంటే, "అది స్ట్రెప్, టో, మై, సినేనా నాయనా? ఇంగోటి ఏమన్నా పొడిచేవు" అంది. అతను సూది పట్టుకునే నవ్వాడు. "రాహేలమ్మా, రేపటినుంచి నువ్వే వేద్దువు రా, నాకు సెలవు దొరుకుతాది" అన్నాడు. దారి పొడుగునా అమ్మ ఆ నాలుగు ముక్కలూ కీర్తనలాగా పాడుకుంటూ నడిచింది. ఇల్లు చేరాక అడిగింది.

"మందు పేరు వచ్చె. మల్ల నీ జబ్బు పేరేందీ ఇంగ్లీషులో? దాన్నీ ముక్కలు చేసి చెప్పు."

"ని. మో. నియా" అన్నాను.

"మూడేనా? ఇంత చిన్న పేరుకా ఇన్ని సూదులు!"

ఎండాకాలానికి నేను తేరుకున్నాను. బరువు పెరిగాను. మందులు ఒక్కరోజు కూడా మానలేదు. ఆ ఒక్క పని సరిగ్గా చేశాను. కాలేజీ తెరవగానే నంద్యాల వెళ్లిపోయాను. లైబ్రరీలో పెద్ద డిక్షనరీ తీసి ఆ పొడుగు మాటకు అర్థం కోత కూడా పెట్టాను. గడ్డ అనే అర్థం వచ్చే ముక్క, చిన్నది అని చెప్పే ముక్క, జబ్బు అని చెప్పే తోక. చిన్న చిన్న గడ్డలు కట్టే జబ్బు. ఇంతేనా అనిపించింది. ఇంత మామూలు మాటకా నేను అంత భయపడింది అనుకుని, డిక్షనరీ మూసేసి, అంతా అయిపోయినట్టే హాయిగా ఉన్నాను. ఇంట్లో వాళ్లను పరీక్షకు తీసుకురమ్మన్న సంగతి గుర్తు రానప్పుడల్లా హాయిగా ఉన్నాను.

ఎనభైలో వానలు పడ్డాక ఒక శనివారం ఇంటికి వెళ్లాను. వరినాట్ల రోజులు. అమ్మ పొలానికి పోలేదు. బయట ఎండ కాస్తోంది, తలుపు మాత్రం మూసి ఉంది. తోసి లోపలికి వెళితే చీకటి, కుంపటి వాసన. కిటికీకి గోనెపట్ట. అమ్మ దుప్పటి కప్పుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. దగ్గి, చీర కొంగుతో మూతి తుడుచుకుని నవ్వింది.

"ఏం లేదులేమ్మే. నీకొచ్చిందే నాకూ వచ్చిండాది. నిమ్ము. నెలన్నరాయె. నిన్ను పండబెట్టినట్లే తలుపేసుకుని పండుకుంటాండా. నీకు పోలేదా ఏంది, నాకూ పోతాది."

"ఆసుపత్రికి పోలేదా?"

"నిమ్ముకు ఆసుపత్రి యాల? వైద్యం నాకు తెల్సు గదా."

నేను గోనెపట్ట పీకేశాను. అమ్మ అరుస్తూనే ఉంది. వెలుతురు పడ్డాక ఆమె మొహం చూశాను. చెంప ఎముకల మీద ఆ ఎరుపు నాకు తెలుసు. హాస్టల్ అద్దంలో రోజూ చూసిందే. ఆమె ముందు కూర్చుని మొత్తం చెప్పేశాను. ఆ పేరును అయిదు ముక్కలుగా చెప్పి, చిన్న పేరు కూడా చెప్పాను. చిన్న పేరు వినగానే అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుపుకని అనుకున్నాను. నా వైపు ఊపిరి రాకుండా మొహం అటు తిప్పుకుంది.

నాయన పొలంనుంచి వచ్చాక ఆయనకూ చెప్పాను. గడపలో నిలబడే విన్నాడు. కోపం చేస్తాడనుకున్నాను. కాళ్లకున్న బురద వైపు చూసుకున్నాడు.

"మా అందరి చదువూ నువ్వే గదమ్మా" అన్నాడు. "నువ్వే తప్పు చదివితే మేం యాడికి పోవాల?"

నేను పీకేసిన గోనెపట్టను మడతపెట్టాను.

"మా తమ్మునికి గుడిసె ఏసింది నేనే. నీకూ ఏస్తాననుకుంటివా?"

లేదు అని చెప్పాలని ఉంది. మళ్లీ అబద్ధం చెప్పలేకపోయాను. "అనుకున్నా నాయనా."

ఆయన దెబ్బ తిన్నట్టు తల ఎత్తాడు. వెళ్లి మిద్దె ఎక్కాడు. పైన బండ జరిపిన చప్పుడు వినబడింది. గవాచి నుంచి నేల మీద ఇంత వెలుతురు పడింది. చాలాసేపు ఆయన కిందికి దిగలేదు. అమ్మే నన్ను ఓదార్చింది, మొహం అటు తిప్పుకునే. "తలుపు మూసింది నేను గదా. నువ్వు తీయమంటివి. నేనే ఇనకపోతి" అంది. ఆ మాట నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను.

మర్నాడు ఆదివారమైనా నాయన గంట కొట్టే పని వేరేవాళ్లకు అప్పజెప్పాడు. నంద్యాలలో తెలిసినవాళ్ల ఇంట్లో ఉండి, సోమవారం పొద్దున్నే ముగ్గురం ఆసుపత్రి వరండాలో కూర్చున్నాం. నాయనకు ఏమీ లేదు. అమ్మకు ఉంది, నాకంటే ఎక్కువగా. తెమడలో రక్తం కూడా పడుతోందని ఆ రోజే బయటపడింది. డాక్టరు నన్ను గుర్తుపట్టాడు. నా వల్లనే వచ్చిందా సార్ అని అడిగాను. "ఆ గదిలో వచ్చిండొచ్చు. అంతకుముందే, నీకు జబ్బు ఉందని ఎవరికీ తెలియనప్పుడు వచ్చిండొచ్చు. ఎవరూ చెప్పలేరు. కానీ ఆరు వారాల కింద తెచ్చి ఉంటే ఇంత దూరం రాకపోను" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే కొంచెం తేలికయ్యేదేమో.

ఆ ఏడాది నేను కాలేజీ మానేశాను. మళ్లీ చేరొచ్చు, అమ్మను ఒంటరిగా వదలలేను అనుకున్నాను. మొదటి మూడు నెలలు అమ్మ బతుకుతుందో లేదో తెలియలేదు. రోజూ పొద్దున సూదికి ఆళ్లగడ్డ దాకా చెయ్యి పట్టుకుని నడిపించేదాన్ని, దారిలో మూడుచోట్ల కూర్చునేవాళ్లం. నాయన వారం పైన నాతో మాట్లాడలేదు. ఒకరోజు మందు కొన్న కాగితం నా ముందు పెట్టి, "చదువు. ఉన్నది ఉన్నట్ల చదువు" అన్నాడు. చదివాను. ధర, తారీఖు, కింద చిన్న అక్షరాలతో సహా. ఆయన అంతా విని తల ఊపాడు. ఆ సాయంత్రం నా పక్కన కూర్చుని అన్నం తిన్నాడు.

నాలుగో నెలలో జ్వరం పోయింది. పత్తి తీసే కాలం వచ్చింది. అమ్మ సూదికి రానని మొండికేసింది.

"బాగైతి గదా. ఇంగ చాలు."

"బాగైందని నీకు తెలిసింది. లోపల గడ్డలకు ఇంకా తెలియలేదు."

"గడ్డలకు తెల్సేదాకా నువ్వు నన్ను ఇడ్సిపెట్టవు!" అని తిట్టుకుంటూనే చెప్పులేసుకుంది. మరుసటి ఏడాది నేను మళ్లీ కాలేజీలో చేరాక కూడా, మొత్తం దాదాపు రెండేళ్లు నన్ను తిడుతూనే ఉంది, మందులు మింగుతూనే ఉంది.

చదువుకోని ఇంట్లో చదివే మనిషి మీరొక్కరే అయితే నేను మీకు చెప్పేది ఇంతే. చీటీలో ఏముందో అదే చదవండి. ఆ పేరు విని ఇంట్లోవాళ్లు ఏం చేస్తారో మీరే ముందుగా తీర్పు చెప్పేయకండి. వాళ్లకు ఒక్క అవకాశం ఇవ్వండి. మందు మాత్రం డాక్టరు ఆపమనేదాకా ఆపకండి.

ఇక మొన్నటి ఆదివారం సంగతి. మా చర్చిలో పాటలయ్యాక సాక్ష్యాలు ఉంటాయి. దేవుడు మేలు చేశాడని చెప్పదలచినవాళ్లు లేచి నిలబడి చెబుతారు. జబ్బు తగ్గినవాళ్లు "నా శరీర బలహీనత తీసేసినాడు" అంటారు. ఏ బలహీనత అని ఎవరూ అడగరు. రెండేళ్లుగా మా ఇంటి సంగతి కూడా అట్లాగే నడిచింది. నిమ్ము అని నేను మొదట చెప్పిన మాటే వీధిలో ఇంకా తిరుగుతోంది. ఆ రోజు నా బి.ఏ. గురించి చెప్పడానికి అమ్మ లేస్తుందనుకుని నేను సంతోషంగా తల దించుకున్నాను.

అమ్మ లేచింది. "నాకు టీబీ వచ్చిండె" అంది. "నా కూతురికీ వచ్చిండె. నిమ్ము కాదు. ఏడాదిన్నర పైనే మందు తింటిమి. ఇద్దరికీ పోయింది. డాక్టరు నిన్న రాసిచ్చినాడు. తలుపులు మూసుకుంటే పోలేదు, మందు తింటే పోయింది. దేవునికి స్తోత్రం."

ఎవరూ స్తోత్రం అనలేదు. మా ముందు చాప మీద కూర్చున్న ఒకామె తన చంటిబిడ్డను ఎత్తుకుని పక్క చాప మీదికి జరిగింది. మగవాళ్ల వైపు నాయన ఒక్కడే గట్టిగా "స్తోత్రం" అన్నాడు. అమ్మ ఇంకా నిలబడే ఉంది. నేను ఆమె చీర కుచ్చెళ్లు పట్టుకుని కూర్చున్నాను.

వెనక గోడ దగ్గరనుంచి సారమ్మ లేచింది. మా వీధి చివరి ఇల్లు వాళ్లది. చేతులు కట్టుకుని, సాక్ష్యం చెబుతున్నట్టే నిలబడింది.

"రాహేలక్కా, మా ఆయన దగ్గుతాండాడు. మూడు నెలలాయె. చెరుకుతోటలో పండబెడ్తిమి. యాడికి తీసకపోవాల?"

"రేపు పొద్దున ఆరు గంటల బస్సు" అంది అమ్మ. "నేనూ వస్తా. ఈ పొద్దే ఆయనను ఇంటికి తెచ్చుకో. కిటికీలు తీసిపెట్టు."